మట్టిలో ఇంకిన ఇంధనము: దాని మూలమును, వయస్సును నిర్ణయించు విధానములు

పెట్రోలు, డీసెలు, కిరసనాయిలు మున్నగు ఇంధనములు నేలలోనికి కారినపుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఆ కారినది ఎక్కడిది? అది ఎప్పుడు కారినది? మొదటిది మూలమును గూర్చిన ప్రశ్న. రెండవది వయస్సును గూర్చినది. ఈ రెండింటికిని సమాధానము వెదకు శాస్త్రము గడచిన ఏబది యేండ్లలో మిక్కిలి పెరిగినది. దాని పద్ధతులెట్టివి, అవి ఎంతవరకు నమ్మదగినవి, మన నేలలకు ఎంతవరకు వర్తించును అను సంగతులను తెలుగు పాఠకులకు వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది రసాయనశాలకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఒక పట్టణమున రహదారి ప్రక్కనున్న స్థలమును ఊహించుకొందము. అందు మొదట ఒక పెట్రోలు బంకు ఉండెను. తరువాత లారీలు బాగుచేయు షెడ్డు వెలసెను. ఆ మీదట స్థలము చేతులు మారి ఇండ్లు లేచెను. ఒకనాడు పొరుగింటి బావినీట పెట్రోలు వాసన వచ్చెను. ఎదుట మరి రెండు బంకులున్నవి. వీధి అడుగున చమురు గొట్టము పోవుచున్నది. ప్రతివాడును తప్పు మరియొకనిది అనును. బావి గలవాడు మాత్రము నీటిని కొని త్రాగుచుండును. ఇట్టి స్థితి కల్పితము కాదు. 2013లో చెన్నపట్టణపు ఉత్తరభాగమున, తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న తండయారుపేటలో, భూగర్భమున పోవు గొట్టపు మార్గమునుండి కారిన ఇంధనము ఇండ్ల బావులలో కన్పట్టి వ్యాజ్యము హరిత న్యాయస్థానమువరకు పోయెను.

1996లో సర్వోన్నత న్యాయస్థానము, రాజస్థానమునందలి బిచ్ఛ్రీ గ్రామపు వ్యాజ్యమునను, తమిళనాటి తోళ్ల పరిశ్రమలకు సంబంధించిన వెల్లూరు వ్యాజ్యమునను, కాలుష్యము చేసినవాడే దాని మూల్యమును చెల్లింపవలెనను సూత్రమును స్థిరపరచెను. 2010 నాటి జాతీయ హరిత న్యాయస్థాన చట్టము ఈ సూత్రమును తనలో చేర్చుకొన్నది. అయితే అదే చట్టము, పరిహారము కోరువారు అందుకు కారణము మొదట ఏర్పడిన నాటినుండి 5 సంవత్సరములలోపల అర్జీ పెట్టుకొనవలెననియు, తగిన హేతువు చూపినచో మరి 60 దినములు గడువు లభించుననియు విధించుచున్నది. కనుక ఇంధనము కారినది ఎవరి కాలమున అనుటయే గాక, ఏ సంవత్సరమున అనుటయు వ్యాజ్యమున ప్రధాన విషయమగును. ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్రము ఇచ్చు సమాధానమును ఉన్నదానికంటె ఎక్కువగా నమ్మినను, తక్కువగా నమ్మినను నష్టపడువారు సామాన్యులే.

ఇంధనముల స్వభావము

ముడి చమురు ఒకే పదార్థము కాదు. కర్బన, ఉదజని పరమాణువుల కలయికవలన ఏర్పడిన వేలకొలది పదార్థముల మిశ్రమము. వీనిని హైడ్రోకార్బనులందురు. శుద్ధి కర్మాగారమున ముడి చమురును కాచి, మరుగు ఉష్ణోగ్రతలనుబట్టి భాగములుగా విడదీయుదురు. తేలికగా ఆవిరియగు భాగము పెట్రోలు. దానియందలి అణువులలో సుమారు 4 మొదలు 12 వరకు కర్బన పరమాణువులుండును. దాని తరువాతి భాగము కిరసనాయిలు. ఆపైన సుమారు 10 మొదలు 25 వరకు కర్బన పరమాణువులుగల డీసెలు. యంత్రములకు వేయు కందెన నూనెలు ఇంకను బరువైనవి.

ఈ మిశ్రమమును విడదీసి చూపు సాధనము గ్యాస్ క్రొమటోగ్రాఫు. ఈ పద్ధతిని 1952లో జేమ్స్, మార్టిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సన్నని పొడవైన గొట్టముగుండ ఆవిరిరూపమున మిశ్రమమును పంపినచో, తేలిక పదార్థములు ముందును, బరువైనవి వెనుకను బయటకు వచ్చును. ఒక్కొక్కటి వచ్చినపుడు కాగితముపై ఒక్కొక్క శిఖరము గీయబడును. ఆ శిఖరముల వరుసను చూచి, మట్టిలోనున్నది పెట్రోలా, డీసెలా, కందెన నూనెయా అను సంగతిని అనుభవజ్ఞుడు సులభముగా చెప్పగలడు. ఈ సాధనమునకు ద్రవ్యరాశి వర్ణమాపకమును జతచేసినచో ఒక్కొక్క శిఖరము ఏ అణువుదో గుర్తింప వీలగును. ఈ వ్యాసమున చెప్పబోవు పద్ధతులలో అధికభాగము ఈ జంట సాధనముపై ఆధారపడినవే.

కారిన ఇంధనము ముందుగా భూమ్యాకర్షణచేత క్రిందికి దిగును. నీటికంటె తేలికయైనది గావున, భూగర్భజలమును చేరినపుడు దానిపై తెట్టెవలె తేలి, జలము ప్రవహించు దిక్కునకు వ్యాపించును. అందలి బెంజీను, టోలుయీను మొదలగునవి కొంత నీట కరగి, తెట్టెకంటె చాలదూరము పోవును. బావినీటికి వాసన తెచ్చునవి ముఖ్యముగా ఇవియే.

మూలమును నిర్ణయించుట

ముడి చమురు పూర్వయుగములనాటి జీవుల అవశేషమని రూఢిచేయుటకు తోడ్పడిన తొలి రసాయనిక ప్రమాణమును 1934లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ చూపెను. ఆకుపచ్చదనమునకు కారణమైన పత్రహరితమునుండి పుట్టిన పదార్థములను ఆయన చమురునందు గుర్తించెను. అట్టి పదార్థములకు జీవచిహ్నములని పేరు. పత్రహరితపు తోకనుండి ఏర్పడినవి ప్రిస్టేను, ఫైటేను. బాక్టీరియముల పైపొరలనుండి హోపేనులును, నాచు మొదలగువాని జీవకణములనుండి స్టెరేనులును ఏర్పడినవి. పుష్పించు మొక్కలనుండి ఏర్పడినది ఓలియనేను. పుష్పించు మొక్కలు భూచరిత్రయందు ఆలస్యముగా వచ్చినవి గనుక, ఓలియనేను విస్తారముగానున్న చమురు ప్రాచీనతర శిలలలో పుట్టినది కాజాలదు. నైజరు నదీముఖపు చమురులందును, అస్సాము చమురులందును ఇది కానవచ్చును. ఇట్లు ఒక్కొక్క క్షేత్రపు చమురునకు దాని పుట్టుకనుబట్టి ఒక్కొక్క ముద్ర కలదు.

ఈ ముద్ర ఎంత గట్టిదో అలాస్కాలో జరిగిన ఒక పరిశోధన తెలుపును. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ అను ఓడ ప్రిన్స్ విలియం సౌండ్ అను సముద్రభాగమున రాతిదిబ్బను తాకి, సుమారు 4 కోట్ల లీటర్ల ముడి చమురును ఒలకబోసెను. పిదప ఆ తీరములలో దొరికిన తారు ముద్దలన్నియు ఆ ఓడవేయని ఎల్లరు భావించిరి. అమెరికా భూగర్భ పరిశోధనశాఖవారు వానిని పరీక్షించి, అనేకము ఆ ఓడ చమురునకు చెందినవి కావని కనుగొనిరి. కర్బనమునందలి రెండు ఐసోటోపుల నిష్పత్తిని ఒక ప్రమాణముతో పోల్చి వేయింటికి ఇన్ని పాళ్లని చెప్పుదురు. ఆ నిష్పత్తి ఓడ చమురునందు సుమారు −29 ఉండగా, ఈ ముద్దలలో సుమారు −24 ఉండెను. ఓడ చమురునందు కానరాని ఓలియనేను ఈ ముద్దలందుండెను. ఈ లక్షణములు కాలిఫోర్నియాలోని మాంటెరీ శిలలనుండి వచ్చు చమురువి. అలాస్కా తన చమురును తీయక పూర్వము కాలిఫోర్నియానుండి తారును, ఇంధనమును తెప్పించుకొనుచుండెను. 1964 మార్చి 27 నాటి మహాభూకంపమున వాల్డీజ్ పట్టణమునందలి నిల్వతొట్లు పగిలి అందలి సరకు సముద్రముపాలయ్యెను. పాతికేండ్లనాటి ఆ తారే తీరమున నిలిచి, క్రొత్త ప్రమాదపు చమురుగా భ్రమ గొలిపినది.

ఈ దృష్టాంతమున గమనింపదగినది మరియొకటి కలదు. ముద్దల మూలమును తెలిపినది రసాయనశాస్త్రము. వాని కాలమును తెలిపినది మాత్రము చరిత్ర. భూకంపపు తేది తెలియనిచో ఆ తారు ఎప్పటిదో రసాయనపరీక్ష ఒక్కటియే అంత నిశ్చయముగా చెప్పియుండెడిది కాదు. ఈ భేదమును ముందు వచ్చు భాగములందు జ్ఞప్తియందుంచుకొనవలెను.

శుద్ధియైన ఇంధనము విషయమున మూలనిర్ణయము ఇంకను కష్టతరము. హోపేనులు, స్టెరేనులు బరువైన అణువులు గనుక పెట్రోలులోనికి రావు; డీసెలులోనికిని బహుస్వల్పముగా వచ్చును. డీసెలు పరీక్షయందు వానికి బదులు రెండు వలయములుగల చిన్న జీవచిహ్నములను చూచుదురు. పెట్రోలు విషయమున శుద్ధి కర్మాగారము దానిని తయారుచేసిన రీతియు, కలిపిన ద్రవ్యములును చూచుదురు. మన దేశమున చౌకధరల దుకాణములయందు అమ్మెడి కిరసనాయిలుకు నీలిరంగు కలుపుట అందరికిని తెలిసినదే. అదియు ఒక విధమైన గుర్తే. అయితే రంగు నేలలో చిరకాలము నిలువదు.

తెలుగువారు విస్తరించియున్న ప్రాంతములకు సమీపమున అనేక శుద్ధి కర్మాగారములు వెలసినవి. ముంబైలోని ట్రాంబే ప్రాంతమున 1954, 1955 సంవత్సరములలోను, విశాఖపట్టణమున 1957లోను, చెన్నపట్టణమువద్ద మనలిలో 1969లోను, మంగళూరున 1996లోను, ఒడిశాలోని పారాదీపున 2016లోను ఇవి పనిచేయనారంభించెను. ఇవి కాలమునుబట్టి పశ్చిమాసియా, ఆఫ్రికా మున్నగు వివిధ దేశముల ముడి చమురులను శుద్ధిచేయును. కనుక ఒకే కర్మాగారపు డీసెలు ముద్రయే సంవత్సరమునకొక తీరున మారవచ్చును. అదియుగాక, ఒక కర్మాగారమునుండి వేర్వేరు కంపెనీల బంకులకు సరకు పోవుట కలదు. ఎదురెదురుగానున్న రెండు బంకులలోని పెట్రోలు ఒకే తొట్టినుండి వచ్చినదైనచో, రసాయనముద్ర వానిని వేరుచేయజాలదు. అపుడు భూగర్భజలము ఏ దిక్కునకు పారుచున్నది, మలినము ఎచ్చట చిక్కగాను, ఎచ్చట పలుచగాను ఉన్నది అను పరిశీలనమే శరణ్యము.

బంకులో ఉంచు లెక్కల పుస్తకము కూడ సాక్షియే. ప్రతిదినము డిప్ కర్రతో తొట్టిలోని మట్టమును కొలిచి, అమ్మిన సరకుతో సరిచూచుదురు. అయితే ఈ లెక్కకు ఒక పరిమితి కలదు. సెకనునకు ఒక చుక్క చొప్పున కారినచో దినమునకు 4 లీటర్లకు పైగాను, సంవత్సరమునకు సుమారు 1,500 లీటర్లును నేలపాలగును. కాని పెట్రోలు ఒక్క డిగ్రీ వేడి తగ్గినంతనే వేయింటికి ఒక పాలు సంకోచించును. 10,000 లీటర్ల తొట్టిలో అది సుమారు 10 లీటర్లు. అనగా, ఏటికి 1,500 లీటర్లు కారుచున్నను, ఏ ఒక్క దినపు లెక్కలోను అది ఉష్ణోగ్రతాభేదముచాటున దాగిపోగలదు. నెలలతరబడి ఒకే వైపునకు తరుగు కన్పట్టినపుడే అనుమానము కలుగవలెను. వయోనిర్ణయమునకును ఇట్టి పుస్తకములే ఉత్తమసాధనము. కాని వానిని భద్రపరచువారు అరుదు.

వయస్సు: కలిపిన ద్రవ్యముల సాక్ష్యము

ఇంధనపు వయస్సును నిర్ణయించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఏ కాలమున ఏ ద్రవ్యమును కలిపిరో తెలిసికొని, ఆ ద్రవ్యము మట్టిలోనున్నదా లేదాయని చూచుట. రెండవది, ఇంధనము ఎంతవరకు శిథిలమైనదో కొలుచుట.

మొదటి మార్గమున ప్రసిద్ధమైనది సీసము. 1921లో అమెరికాయందు థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనమును పెట్రోలున కలిపినచో ఇంజనులో తట్టుడు శబ్దము ఆగునని కనుగొనెను. 1923లో దాని విక్రయము ఆరంభమయ్యెను. 1960లో టెట్రామిథైల్ లెడ్ అను మరియొక సమ్మేళనము వాడుకలోనికి వచ్చెను. సీసపు మసి ఇంజనులో నిలువకుండుటకై ఇథిలీన్ డైబ్రోమైడు వంటివి కలిపెడివారు. కనుక అమెరికా నేలలో టెట్రామిథైల్ లెడ్ కన్పట్టినచో, అది 1960కి పూర్వపుది కాజాలదు.

భారతదేశమున సీసమును క్రమముగా తొలగించిరి. 1994 జూనులో నాలుగు మహానగరములలో తక్కువ సీసముగల పెట్రోలును, 1995 ఏప్రిలు 1న అచ్చటనే సీసరహిత పెట్రోలును ప్రవేశపెట్టిరి. 2000 సంవత్సరారంభమున దేశమంతటను సీసముగల మోటారు పెట్రోలు విక్రయము ఆగెను. ప్రపంచమున మోటారు వాహనములకు సీసపు పెట్రోలు అమ్ముట చివరిగా మానిన దేశము అల్జీరియా. అది 2021లో జరిగెను. కావున మన బంకు స్థలములందు మట్టిలో సీసపు సేంద్రియ సమ్మేళనములు దొరకినచో, అందు కొంతభాగమైనను 2000కి పూర్వము కారినదని చెప్పవచ్చును. ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. సీసము కానరాకపోవుట క్రొత్తదనమునకు నిదర్శనము కాదు. అట్టి సమ్మేళనములు నేలలో కాలక్రమమున విచ్ఛిన్నమగును. మరియు పిస్టను ఇంజనులుగల చిన్న విమానముల పెట్రోలులో సీసము తరువాతి కాలముననుకూడ కొనసాగినది గనుక, విమానాశ్రయముల సమీపమున ఈ వాదము చెల్లదు.

సీసముయొక్క ఐసోటోపులు మరియొక సూక్ష్మసాక్ష్యము నిచ్చును. యురేనియము, థోరియముల క్షయమువలన 206, 207, 208 భారముగల సీసములు పుట్టును. గనుల వయస్సునుబట్టి వీని నిష్పత్తి మారును. అమెరికాలో 1960 దశకపు చివరినుండి మిస్సౌరీ గనుల సీసము వాడుక హెచ్చినందున, ఆ దేశపు పెట్రోలులో 206, 207ల నిష్పత్తి సంవత్సరములతోపాటు పెరుగుచు వచ్చినది. రిచర్డ్ హర్స్ట్ అను శాస్త్రజ్ఞుడు దీని నాధారముగా గొని కారిన సంవత్సరమును నిర్ణయించు పద్ధతిని రూపొందించెను. ఇది ఆ దేశమున సీసము ఎచ్చటనుండి వచ్చినదను చరిత్రపై నిలిచిన పద్ధతి. అట్టి చరిత్రను మన దేశమునకు ప్రత్యేకముగా నిర్మించినగాని దానిని ఇచట వర్తింపజేయరాదు.

రెండవ గుర్తు ఇథనాలు, అనగా చెరకు మడ్డి మొదలగువానినుండి తీయు సారాయము. 2003 జనవరిలో 9 రాష్ట్రములందును 4 కేంద్రపాలిత ప్రాంతములందును 5 శాతము కలుపుట విధించిరి. అందు ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, తమిళనాడు, మహారాష్ట్రము, యానామును తనలో గల పుదుచ్చేరి చేరియున్నవి. 2022లో దేశవ్యాప్త సగటు 10 శాతమునకు చేరెను. 20 శాతపు మిశ్రమము 2023 ఫిబ్రవరిలో బంకులకు వచ్చెను. అయితే ఇథనాలు నీటిలో వెంటనే కరగును. సూక్ష్మజీవులు దానిని మిక్కిలి త్వరగా భుజించును. కనుక అది కన్పట్టినచో కారుట ఇటీవలిదని అనుమానింపవలెను. కన్పట్టకపోయినచో ఏమియు చెప్పరాదు.

మూడవది డీసెలులోని గంధకము. మన దేశపు ప్రమాణములు దశలవారీగా కఠినమైనవి. పది లక్షల పాళ్లలో గంధకపు పరిమితి 2000 సంవత్సరమున 2,500 పాళ్లు, 2005లో 500, 2010లో 350, దేశమంతటను 2017 ఏప్రిలునుండి 50, 2020 ఏప్రిలునుండి 10. గంధకముగల డైబెంజోథయోఫీను వర్గపు అణువులు శిథిలతను చాలవరకు సహించును. అవి విస్తారముగానున్న డీసెలు 2020 తరువాతనే కారినదని ఎవరైన వాదించినచో ఆ వాదము నిలువదు.

వయస్సు: శిథిలతయొక్క సాక్ష్యము

నేలలో ఇంధనము మూడు విధముల మారును. తేలిక భాగము ఆవిరియగును. కరగెడి భాగము నీటితో పోవును. మిగిలినదానిని సూక్ష్మజీవులు తినును. పెట్రోలు విషయమున బెంజీను, టోలుయీనులు, ఇథైల్ బెంజీను, జైలీనులకంటె త్వరగా నీట కరగిపోవును. కనుక మొదటి జంటకును రెండవ జంటకును గల నిష్పత్తి కాలముతో తగ్గును. కాని భూగర్భజలము వేగముగా పారుచోట ఈ తగ్గుదల వేగముగాను, నిలిచియున్నచోట మెల్లగాను జరుగును.

డీసెలు విషయమున ప్రసిద్ధి చెందినది 1993లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు క్రిస్టెన్‌సెన్, లార్సెన్ ప్రకటించిన పద్ధతి. 17 కర్బన పరమాణువులు వరుసగా నిలిచిన సరళ శృంఖలపు అణువును, పైన చెప్పిన ప్రిస్టేనును వారు పోల్చిరి. ఈ రెండును దాదాపు ఒకే ఉష్ణోగ్రతవద్ద మరుగును గనుక ఆవిరియగుటలో భేదము తక్కువ. అయితే సూక్ష్మజీవులు సరళ శృంఖలమును ముందు తినును. కొమ్మలుగల ప్రిస్టేనును వెనుకకు విడుచును. కాబట్టి మొదటిదానికిని రెండవదానికిని గల నిష్పత్తి ఏటేట తగ్గును. కారిన కాలము తెలిసిన డెన్మార్కు, హాలండు స్థలముల మట్టిని పరీక్షించి వారు ఈ తగ్గుదలను లెక్కగట్టిరి. తరువాతివారు దానిని ఒక సమీకరణముగా కూర్చిరి: నిష్పత్తిని 8.4 చేత గుణించి, వచ్చిన లబ్ధమును 19.8 నుండి తీసివేసినచో సంవత్సరములలో వయస్సు వచ్చును. ఉదాహరణకు నిష్పత్తి 1.5 అయినచో వయస్సు 7.2 సంవత్సరములు.

ఈ సమీకరణపు సౌలభ్యమే దాని ప్రమాదము. క్రొత్త డీసెలులో నిష్పత్తి సుమారు 2.4 ఉండునని అందు అంతర్గతముగా భావింపబడినది. అపుడే వయస్సు సున్నయగును. కాని ఆ నిష్పత్తి ముడి చమురునుబట్టి మారును. ఒకానొక చమురునుండి తీసిన డీసెలులో మొదటనే నిష్పత్తి 1.2 ఉన్నదనుకొందము. ఈ సమీకరణము ప్రకారము ఆ డీసెలు బంకులో పోసిన దినముననే 9.7 సంవత్సరముల వయస్సు గలదగును! హరిత న్యాయస్థానపు 5 సంవత్సరముల గడువుతో దీనిని పోల్చి చూచినచో, ఇట్టి పొరపాటువలన ఎంత అన్యాయము జరుగునో పాఠకులే గ్రహింపగలరు.

మినసోటా రాష్ట్రమునందలి బెమిడ్జి వద్ద జరుగుచు వచ్చిన పరిశోధన ఈ విషయమున అమూల్యమైనది. అచట 1979 ఆగస్టు 20న గొట్టపు మార్గము పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడి చమురు ఒలికెను. ఎత్తివేయగా సుమారు 4 లక్షల లీటర్లు నేలలో మిగిలెను. 1983 మొదలుకొని ఆ స్థలమును శాస్త్రజ్ఞులు పరిశీలించుచు వచ్చిరి. చమురు ఒకటే, తేది ఒకటే. అయినను శిథిలత అంతటను ఒకటి కాదు. వర్షపునీరు ఎక్కువగా ఇంకెడి పల్లపుచోట చమురు మిక్కిలి శిథిలమై, కొద్ది దూరమున నీరు తక్కువ ఇంకెడిచోట అంతగా మారక యుండెను. అదియుగాక, ప్రాణవాయువు అందని లోతులలో, మీథేను పుట్టెడి స్థితియందు, పొడవైన శృంఖలములే ముందు నశించుట చూచిరి. గాలి తగులు నేలలో చిన్న శృంఖలములు ముందు పోవునను సామాన్యపు క్రమమునకు ఇది విరుద్ధము. శిథిలతను మాత్రమే చూచి వయస్సు చెప్పువాడు ఈ ఒక్క స్థలమునందే అనేక వయస్సులను కనుగొనును. ఉన్నది మాత్రము ఒక్క వయస్సే.

ఇక మన నేలల సంగతి. డెన్మార్కు నేలలో ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీలైనచో, మన తీరప్రాంతపు నేలలో అది 28 డిగ్రీల సమీపమున ఉండును. జీవక్రియల వేగము 10 డిగ్రీలకు సుమారు రెట్టింపగునను సామాన్యసూత్రము ననుసరించినచో ఇచట శిథిలత నాలుగు రెట్లు వేగముగా జరుగవలెను. కాని సూత్రము అంత సూటిగా పనిచేయదు. వానకాలమున నీరు నిండిన నేలకు ప్రాణవాయువు అందదు. ఎండకాలమున ఎండిన నేలలో సూక్ష్మజీవులు మందగించును. నల్లరేగడి వేసవిలో బీటలువారి ఆవిరికి దారి యిచ్చును. తడిసినపుడు ఉబ్బి ఆ దారిని మూసివేయును. తీరపు ఇసుకనేల ఒక తీరున, ఎర్రనేల మరియొక తీరున వర్తించును. కాబట్టి శీతలదేశపు సమీకరణమును అట్లే తెచ్చి ఇచట సంవత్సరములు లెక్కించుట శాస్త్రము కాదు.

సాక్ష్యములను కలిపి చూచుట

ఒక ఊహాస్థలమున ఈ విచారణ ఎట్లు సాగవలెనో చూతము. ఒక బావి సమీపపు మట్టిలో సీసపు సేంద్రియ సమ్మేళనముల జాడయు, భూగర్భజలముపై తేలు తెట్టెలో ఇథనాలుతోకూడిన పెట్రోలును దొరకినవనుకొందము. మొదటిది 2000కి పూర్వపు కారుడును, రెండవది 2003 తరువాతి, బహుశః మిక్కిలి ఇటీవలి కారుడును తెలుపును. ఈ రెండింటికి సగటు తీసి 2001 అని చెప్పుట అర్థరహితము. అచట జరిగినది ఒక కారుడు కాదు, కనీసము రెండు. పాత యజమానియు, క్రొత్త యజమానియు ఇద్దరును సమాధానము చెప్పవలసినవారే. ఎవరి వాటా ఎంతయో చెప్పుటకు మాత్రము ఈ రెండు గుర్తులు చాలవు; మలినము వ్యాపించిన తీరును, తొట్ల చరిత్రను, లెక్కల పుస్తకములను చూడవలసియుండును.

నమూనాలను తీయు విధమును ముఖ్యమైనదే. మట్టిని తెరచిన సంచిలో తెచ్చినచో తేలిక భాగములు దారిలోనే పోయి, క్రొత్త పెట్రోలు పాతదానివలె కన్పట్టును. గాలి చొరని మూతగల గాజుసీసాలో నిండుగా పెట్టి, మంచుపెట్టెలో ఉంచి, త్వరగా పరీక్షాలయమునకు చేర్పవలెను. ఒకేచోట వివిధపు లోతులనుండియు, మలినము లేని పొరుగునేలనుండియు, అనుమానింపబడిన తొట్లనుండియు నమూనాలు తీయవలెను. పోల్చుటకు ఏమియు లేని ముద్ర, దొంగ వ్రేలిముద్ర దొరికియు అనుమానితుల ముద్రలు లేనట్టి స్థితి వంటిది.

ఉపసంహారము

పైన చెప్పినదానిని సంగ్రహింతము. పోల్చుటకు తగిన నమూనాలున్నచో ఇంధనముయొక్క జాతిని నిశ్చయముగాను, మూలమును చాలవరకు నమ్మకముగాను చెప్పవచ్చును. వయస్సును మాత్రము ఒక సంవత్సరముగా గాక, ఇంతకు ముందు కాదు, ఇంతకు తరువాత కాదు అను హద్దులుగా చెప్పుటయే సక్రమము. ఆ హద్దులను గట్టిగా నిలుపునవి శిథిలతయొక్క కొలతలు కావు. సీసము, ఇథనాలు, గంధకము మున్నగువాని చరిత్రయే. శిథిలత ఆ హద్దులలోపల సహాయకసాక్షి మాత్రమే.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకై ప్రత్యేక నియమములను ప్రకటించినది. ఇట్టి విచారణలును, నివేదికలును ముందుముందు పెరుగును. ఆ నివేదికలు పరభాషలో వచ్చును. వాని ఫలితమును అనుభవించువారు మాత్రము బావి గల గృహస్థులు, చిన్న బంకుల యజమానులు, స్థలమును కొన్న కుటుంబములు. అట్టివారు ఏ నివేదికనైనను చేతబట్టి మూడు ప్రశ్నలడుగవచ్చును. ఈ ఇంధనమును ఏ నమూనాలతో పోల్చిరి? వయస్సును చెప్పిన సమీకరణము ఏ దేశపు నేలపై నిర్మింపబడినది? ఇచట కారినది ఒకసారియా, పలుసార్లా? వీనికి సమాధానము లేని నివేదిక, ఎన్ని శిఖరముల పటములతో నిండియున్నను, ఒక అభిప్రాయము మాత్రమే. సమాధానముగల నివేదిక, వయస్సును పదేండ్ల హద్దులలో మాత్రమే చెప్పగలిగినను, న్యాయమునకు ఆధారము కాగలదు.